రేవు వాటా

గాలి ట్యాంకు కొనడానికి వచ్చినవాడెవడైనా ముందు అడిగేది ఒకటే: "ఎంత పెద్దదుంది?" ఓక్ చిగోన్ ఆ మాటకు జవాబివ్వడు. చేతిలోని బార్లీ టీ గ్లాసు బల్లమీద పెట్టి, "ఎంతసేపు ఓర్చుకోవాలి?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు.

ఆ ఉదయం వచ్చినవాడు ఓడల పొట్టలకు ఇసుక కొట్టించే కొత్త కాంట్రాక్టరు, మో అని, ముప్ఫై దాటనివాడు.

"ఓర్చుకోవడమేంటి బాబాయ్? నేనొచ్చింది ట్యాంకు కోసం, పెళ్ళిచూపులకి కాదు."

"నీ కంప్రెసరు గాలి పుట్టిస్తుంది. నీ ఇసుక గొట్టాలు ఆ గాలిని తింటాయ్. గొట్టాలన్నీ ఒక్కసారి నోరు తెరిచాయనుకో, కంప్రెసరు అందుకోలేదు. అది అందుకునేదాకా మధ్యలో ఎవడో ఒకడు ఓపిగ్గా నిలబడాలిగా? వాడే ట్యాంకు. ఎంతసేపు నిలబడాలో నువ్వు చెప్పు, ఎంత లావుండాలో నేను చెప్తా."

"సరే. ఒత్తిడి ఏడు పెడతా."

"ఏడు దగ్గర మొదలెడతావ్. ఐదున్నర కిందకొస్తే నీ ఇసుక తుప్పుని గీకదు, ముద్దు పెట్టుకుంటుంది. అంటే ఏడుకీ ఐదున్నరకీ మధ్యలో ఉన్నదే నీ గాలి. మిగతాది ట్యాంకులోనే ఉంటుంది. ఉన్నా నీది కాదు."

చిగోన్ సుద్దముక్క తీసి, పక్కనే ఉన్న ట్యాంకు డొక్కమీదే లెక్క వేశాడు. అంకె వచ్చింది. దాని పక్కన ఇంకొంచెం కలిపి గీత గీశాడు.

"ఆ చివర కలిపిందేంటి?" అన్నాడు మో.

కొట్టు వెనకాల వెల్డింగు ముసుగు వేసుకుని కూర్చున్న ప్యో నవ్వాడు. కొట్టు అతనిది. చిగోన్ ఈడువాడు, సన్న గొంతువాడు. "అది రేవు వాటా తమ్ముడూ. ఈ కొట్టులో అందరూ మొయ్యాల్సిందే."

"ఎవరికి వాటా?"

"వాడినడుగు."

చిగోన్ టీ గ్లాసు ఎత్తుకున్నాడు.

రేవు వాటా అంటే ఏమిటో, బుసాన్ అంచున దీవిలో ఉన్న ఈ దేప్యోంగ్ రేవులో ముసలివాళ్ళందరికీ తెలుసు. ఓడ ఇంజను లేవాలంటే బలంగా గాలి కొట్టాలి. ఆ గాలి ట్యాంకుల్లో ఉంటుంది. ట్యాంకు మళ్ళీ నింపకుండా ఇంజనును ఎన్నిసార్లు లేపగలగాలో నిబంధన ఉంది, దాన్నిబట్టి ట్యాంకు పరిమాణం తేలుతుంది. ఓడ బూర మోగేది కూడా ఆ ట్యాంకు గాలితోనే. చిగోన్ నిబంధన ప్రకారం లెక్క కట్టి, దానిమీద ఒక కూతకు సరిపడా చోటు కలుపుతాడు. రేవు గట్టుమీద నిలబడి చూసేవాళ్ళ కోసం. ఓడల యజమానులు విసుక్కుంటారు. ఇనుము దండగంటారు. ఇసుక కొట్టేవాళ్ళకైతే గట్టుమీద ఎదురుచూసేవాళ్ళెవరూ ఉండరు, అయినా కలుపుతాడు. అలవాటు ముదిరి జబ్బయింది.

ఆ జబ్బు ఎక్కడ అంటిందంటే, హేరిమ్ అనే ఓడలో.

హేరిమ్ దక్షిణ సముద్రాల్లో ట్యూనా చేపలు పట్టే ఓడ. రెండేళ్ళకోసారి ఇంటికొచ్చేది. చిగోన్ అందులో ఇంజను గది పనివాడు. నూనె పోయడం, తుడవడం, ఒత్తిడి గడియారాల ముళ్ళు చూడటం. కోజే దీవిలో పుట్టి, వెనకా ముందూ ఎవరూ లేక బుసాన్ వచ్చి ఓడెక్కిన ఇరవై రెండేళ్ళ మనిషి. ఆ ఓడలో కెప్టెన్ తరవాత కెప్టెనంతటివాడు బిన్ దూసిక్. చుక్కాని గదిలో బూర తాడు ఆయన చేతిలో ఉండేది. చిగోన్ ఆయన్ని అన్నా అనేవాడు. మిగతా అందరినీ కూడా అన్నా అనేవాడు గానీ, ఆ అన్నలు వేరు, ఈ అన్న వేరు.

దూసిక్ భార్య ఉల్సున్ ఇదే రేవులో తుప్పు కొట్టేది. గట్టెక్కించిన ఓడల పక్కలకు తాళ్ళతో పలక వేలాడదీసుకుని, దానిమీద కూర్చుని, సుత్తితో రోజంతా కాంగ్ కాంగ్ మంటూ కొట్టే ఆడవాళ్ళు అప్పట్లో ఇక్కడ బారులు బారులుగా ఉండేవాళ్ళు. ఆ చప్పుడులో పక్కన పిడుగు పడ్డా తెలియదు. ఓడ కూత మాత్రం తెలుస్తుంది. అది చెవిలోంచి కాదు, కూర్చున్న పలకలోంచి ఒంట్లోకి వస్తుంది.

అందుకే దూసిక్ రేవులోకి రాగానే రెండు పొడుగు కూతలు కూసేవాడు. మొదటిది ఉల్సున్ సుత్తి కింద పెట్టడానికి. రెండోది ఆమె రేవు గట్టు చివరికి పరిగెత్తడానికి. ఆమె అక్కడి లంగరు గుంజ దగ్గరికి చేరేదాకా తాడు వదిలేవాడు కాదు.

ఒక ఏడాది, తిరుగు ప్రయాణంలో, ఓడంతా పెళ్ళివారి ఇల్లులా ఉంది. గడ్డాలు గీసుకునేవాళ్ళు, తెచ్చిన చీటీగుడ్డలు మడతపెట్టుకునేవాళ్ళు, అద్దం కోసం కొట్టుకునేవాళ్ళు. చిగోన్ ఒక్కడే మొహం వేలాడేసుకుని ఇంజను గది మెట్లమీద కూర్చున్నాడు. దూసిక్ దిగి వచ్చాడు.

"ఏంట్రా, ఏదో చచ్చినట్టు?"

"ఏం లేదన్నా. అందరికీ గట్టుమీద ఎవరో ఒకరున్నారు."

"నీకూ ఉంటారు."

"ఎప్పుడు?"

"అదెప్పుడో నాకేం తెలుసు, నేనేమన్నా బోంగ్నే కొండమీది అవ్వదేవతనా చెప్పడానికి? ఒక పని చేస్తా. మీ వదినకి రెండూ కూశాక నీకోసం ఒక పొట్టి కూత కూస్తా. గట్టుమీద ఏదో ఒక పిల్ల చెవిన పడకపోదు. ఇది ఎవరికోసం అనుకుంటుంది. అనుకుంటే సగం పనైనట్టే."

చిగోన్ సిగ్గుపడ్డాడు. తరవాత లేచి వెళ్ళి తనూ గడ్డం గీసుకున్నాడు. అక్కడే వచ్చింది తంటా.

ట్యాంకులో గాలితోపాటు తడి చేరుతుంది. చల్లబడి నీరై అడుగున కూర్చుంటుంది. రోజూ అడుగు వాల్వు తిప్పి ఆ నీరు వదలాలి. ఆ పని చిగోన్‌ది. ఇంటి హడావుడిలో కొన్నాళ్ళు మరిచాడు. పైగా ఓడ కంప్రెసరు చెడి, ఉన్న గాలితోనే రేవు చేరాలి. రేవు నోట్లోకి రాగానే పైనుంచి మాట గొట్టంలో దూసిక్ గొంతు వినిపించింది.

"చిగోనూ, గాలుందా?"

చిగోన్ ముల్లు చూశాడు. ముల్లు బ్రహ్మాండంగా ఉంది. "బోలెడుందన్నా! కుయ్యి!"

ముల్లు ఒత్తిడి చెబుతుంది. చోటెంతుందో చెప్పదు. ట్యాంకు అడుగు సగం నీళ్ళతో నిండి ఉంది, గాలికి మిగిలింది పై సగమే. మొదటి పొడుగు కూత నిండుగా మోగింది. రెండోదీ మోగింది. మూడోది, చిగోన్ కోసం కూసిన ఆ పొట్టిది, మెడ పట్టుకున్న ముసలి కోడిలా పగిలిపోయింది. వెంటనే పైనుంచి వెనక్కి నడపమని గంట కొట్టారు. ఆ పాత ఇంజను వెనక్కి నడవాలంటే ఒకసారి ఆపి, గాలి కొట్టి, ఎదురు తిప్పి మళ్ళీ లేపాలి. ఆపారు. గాలి కొట్టారు. ఉస్సుమంది. అంతే.

హేరిమ్ ఎవరినీ తొందరపెట్టకుండా, పెద్దమనిషిలా వచ్చి, గట్టుకు మూతి గుద్దుకుంది. చేప ముద్దల పులుసు అమ్మే బండి తిరగబడింది. గుంజ దగ్గర నిలబడ్డ ఉల్సున్ వెనక్కి గెంతి కూలబడింది. ప్రాణం ఎవరికీ పోలేదు. ఓడ మూతి సొట్టపోయింది.

చిగోన్ ఏడుస్తూ దిగాడు. ఉల్సున్ దులుపుకుని లేచి వచ్చి, మొగుణ్ణి పలకరించకముందే వీడి రెక్క పట్టుకుంది. "నువ్వేనా ఆ కోడిపెట్టవి? పద. ముందు అన్నం తిను. ఏడుపు ఎక్కడికీ పోదు." పంది ఎముకల పులుసన్నం ఇప్పించింది. రెండు గిన్నెలు తిన్నాడు.

"తాడు లాగింది నేను" అని దూసిక్ తప్పంతా నెత్తిన వేసుకున్నాడు. ఓడనుంచి తీసేశారు. మరుసటి ఏడు, పని దొరకక, ఎక్కడో లాస్ పాల్మాస్‌లో ఉండి చేపలు పట్టే ఓడకు వెళ్ళాడు. ఆ ఓడ తుఫానులో పోయింది. ఒక్కరూ దొరకలేదు. ఈ దీవి కొసన, నావికుల స్మారక రాతిమీద, ఆయన పేరు చెక్కారు. పోయిన రోజు తెలియనివాళ్ళను తలుచుకునే తొమ్మిదో నెల తొమ్మిదో నాడు ఉల్సున్ అక్కడికెళ్ళి ఒక గ్లాసు సోజు సారా పోసి వస్తుంది. చిగోన్ వెంట వెళతాడు, కానీ రాతి దాకా వెళ్ళడు. మెట్ల దగ్గరే ఆగిపోతాడు.

తరవాత చిగోన్ ఓడెక్కలేదు. ప్యో కొట్టులో చేరి ట్యాంకుల లెక్క నేర్చుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరన్నా అడిగితే తీరిక దొరకలేదంటాడు. అబద్ధం. సాయంత్రాలు గట్టుమీద కూర్చుని వచ్చే ఓడలన్నిటినీ లెక్కపెట్టేంత తీరిక ఉంది.

ఉల్సున్ కూడా ఇల్లు మారలేదు. ఆమె చెల్లెలు ఊళ్ళోకి రమ్మని ఎంత పోరినా రాలేదు. దీవి విడిచినవాళ్ళ మీద బోంగ్నే అవ్వ అలుగుతుందని సాకు చెప్పేది. అసలు సంగతి అది కాదు. దూసిక్‌కు తెలిసిన గుమ్మం అదొక్కటే.

మో సొమ్ము కట్టి వెళ్ళాడు. అతను గుమ్మం దాటాడో లేదో, వీధిలోంచి కేక వినిపించింది.

"చిగోనూ! ఒరే చిగోనూ! వచ్చిందిరా అదీ!"

ఉల్సున్ ఎప్పుడూ అరుస్తూనే మాట్లాడుతుంది. అన్నేళ్ళ సుత్తి చప్పుడు చెవులు తినేసింది. టెలిఫోను వినపడదు, గుమ్మం తట్టితే వినపడదు, ఆడవాళ్ళ మాటలు అసలే వినపడవు.

"ఏదొచ్చింది వదినా? యుద్ధమా?" అన్నాడు ప్యో.

"ఈ పిట్టగొంతుగాడు ఏమంటున్నాడు?"

"ఏం లేదులే. ఏదొచ్చింది వదినా?" చిగోన్ గొంతు లావు. దాన్ని ఇంకా కిందికి దించి, ఆమె ఎడమ చెవి దగ్గర మెల్లగా అన్నాడు. అరిస్తే ఆమెకు వినపడదు. దించితే వినపడుతుంది.

"హేరిమ్! పేరు మార్చారు, రంగు మార్చారు. నన్ను మోసం చేస్తారా? మూతిమీద ఆ సొట్ట అలాగే ఉంది. ఆ సొట్టమీద తుప్పు కొట్టింది నేనేగా! ఇవాళే దాన్ని ముక్కలు చెయ్యడానికి లాక్కెళతారట. మధ్యాహ్నం పోటుకి టగ్గొస్తుంది."

చిగోన్ టీ గ్లాసు కోసం చెయ్యి చాచాడు. అది అతని చేతిలోనే ఉంది.

"చెయ్యనీ ముక్కలు," అంది ఉల్సున్. కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇనుమేగా. కానీ బూర ఇంకా పైనే ఉంది. నేను చూశా. చిగోనూ, నాకు వాన చప్పుడు వినపడక ఎన్నేళ్ళయిందో తెలుసా? చూస్తే గానీ వానని తెలీదు. కానీ నీ గొంతు వినపడుతోంది. ఆ కూతది కూడా నీలాంటి లావు గొంతే. అది నాకు వినపడుతుంది కదా?"

"వినపడుతుంది వదినా."

నిజానికి అతనికి తెలియదు.

"అయితే ఆ రెండూ ఒక్కసారి కుయ్యి. ఆయన కూసినట్టు, నిండుగా. పగిలింది నాకొద్దు. పగిలేట్టుంటే ఇప్పుడే చెప్పు, ఇంటికిపోయి పడుకుంటా."

చిగోన్ ఆమె మొహంలోకి చూసి, కూస్తానని తల ఊపాడు.

ప్యో పని మొదలెట్టించాడు. రేవు ఆఫీసుకు ఫోను చేసి బూర పరీక్ష అని అనుమతి అడిగాడు. ఒక్కసారి, తొందరగా కానివ్వమన్నారు. చిగోన్ ఓడెక్కి చూసి వచ్చాడు. ఇంజను లేదు, ఎప్పుడో పీకేశారు. ట్యాంకులు తుప్పుకు చిల్లులు పడ్డాయి. బూర మాత్రం పొగగొట్టం పక్కన అలాగే ఉంది, నోట్లో పిచ్చుక గూడుతో సహా. పాత గూడే. తీసి పక్కన పెట్టి, లోపలి రేకు తుడిచాడు.

"గట్టుమీది కంప్రెసరు నుంచి గొట్టం లాగేద్దాం," అన్నాడు ప్యో.

"ఆ సన్న గొట్టంలో అంత దూరం వచ్చేసరికి గాలి ఊపిరాడక చస్తుంది. మొదటి కూతకే గొంతు పడిపోతుంది. ట్యాంకు బూర పక్కనే ఉండాలి. గొట్టంతో మెల్లగా నింపుకోవచ్చు."

"బూడిదరంగుది పెట్టు. నువ్వు రేవంతా కూసుకోవచ్చు."

"దాన్ని పైకెత్తాలంటే క్రేను కావాలి. క్రేను రష్యావాళ్ళ ఓడమీద ఉంది. అడిగొచ్చా. సాయంత్రం దాకా ఇవ్వరు."

మిగిలింది నీలం ట్యాంకు. నలుగురు మనుషులు మెట్లమీదుగా మొయ్యగలిగింది అదొక్కటే. మిగతావన్నీ అంతకుముందు రోజే ఆర్డర్లమీద వెళ్ళిపోయాయి.

ఆ ట్యాంకు ఎనిమిది దాకా పడుతుంది. బూర ఐదు కిందకొస్తే పగులుతుంది. అంటే ఎనిమిదికీ ఐదుకీ మధ్య ఉన్నదే వాళ్ళది. బూర ఎంత గాలి తాగుతుందో చిగోన్‌కు తెలుసు. తెలియనిదొక్కటే, తను అందరినీ అడిగేది: ఎంతసేపు?

దూసిక్ కూతల నిడివి అతనికి జ్ఞాపకమే. ఆ ప్రకారం లెక్క వేశాడు. నీలం ట్యాంకులో రెండు పొడుగులూ హాయిగా పట్టాయి. పైన ఒక పొట్టిది కూడా పట్టింది. సుద్దతో మూడూ రాశాడు. మూడోదాని దగ్గర సుద్ద కాసేపు ఆగింది. అతనికే నవ్వొచ్చింది. ఈ వయసులో.

అప్పుడు తలెత్తి చూస్తే, ఉల్సున్ కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకుంటోంది.

"వదినా, ఒకసారి రా."

ఆమెను పాత గట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె ఒకప్పుడు తుప్పు కొట్టిన చోట ఇప్పుడు ఇసుక కొట్టే గొట్టాలు చుట్టలు చుట్టి పడున్నాయి. "ఇక్కణ్ణుంచి గుంజ దాకా నడువు."

"ఎందుకు?"

"నడువమ్మా."

"నన్నేమన్నా ఊరేగిస్తున్నావా? కిరీటం ఏదీ?" అంటూనే బయలుదేరింది. చిగోన్ చేతి గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఒకప్పుడు ఆమె ఆ దూరాన్ని ఒక్క ఊపులో పరిగెత్తేది. తలగుడ్డ జారిపోయేది, ఎవరో వెనకాల ఏరుకొచ్చేవాళ్ళు. ఇప్పుడు కుడి మోకాలు వంగదు. మధ్యలో ఆగి నడుం పట్టుకుంది. మళ్ళీ నడిచింది. గుంజ దగ్గరికి చేరి, దానిమీద చెయ్యి వేసి వెనక్కి తిరిగింది.

"బతికే ఉన్నా! ఇప్పుడేంటి?"

చిగోన్ కొట్టులోకి వెళ్ళి రెండో కూత చెరిపి మళ్ళీ రాశాడు. ఈసారి ఇప్పటి మోకాలికి సరిపడా. అంకె పెరిగింది. మళ్ళీ కూడాడు. రెండు కూతలూ పూర్తయ్యేసరికి ముల్లు సరిగ్గా ఐదు దగ్గరికి వస్తుంది. మూడోదానికి చోటు లేదు.

ప్యో వెనకనుంచి చూస్తున్నాడు. "రెండోది కొంచెం తగ్గించు. ఆమెకేం తెలుస్తుంది?"

"నడిమధ్యలో ఆగిపోతే తెలుస్తుంది."

"రేవులో ప్రతి ముష్టి ట్యాంకుకీ వాటా కలిపావ్. నీదాన్ని చెరుపుతున్నావా?"

"కొలత అంటే కొలతే," అన్నాడు చిగోన్. వేలితో తుడిచేశాడు. సుద్దపొడి చొక్కాకు రాసుకున్నాడు.

ట్యాంకు మొయ్యకముందు అడుగు వాల్వు తిప్పి నీరు వదిలాడు. మూడు చుక్కలు పడ్డాయి. మళ్ళీ తిప్పాడు. పొడి గాలి. ఇంకోసారి తిప్పాడు.

"చాల్లేరా, పాలిచ్చేదాకా పిండుతావా?" అన్నాడు ప్యో.

నలుగురూ మోశారు. ప్యో మెట్టు మెట్టుకీ ఒక్కో దేవుణ్ణి తిట్టాడు. గొట్టం తగిలించి నింపారు. ట్యాంకు నిండేసరికి టగ్గు రేవు నోట్లోకి వచ్చేసింది. టగ్గువాళ్ళు గట్టుమీది గొట్టాలూ తాళ్ళూ తియ్యమని కేకలేశారు. గొట్టం ఊడదీశారు. ఇక ట్యాంకులో ఉన్నదే ఉన్నది.

ప్యో పక్కనుండగా, వెనక కిటికీలోంచి ట్యాంకు ముల్లు కనపడేలా, చిగోన్ చుక్కాని గదిలో నిలబడ్డాడు. ఇంతకుముందు ఎప్పుడూ అక్కడ నిలబడలేదు. అతనిది కింద, వేడిలో, నూనె వాసనలో. పైనుంచి రేవు ఇలా కనపడుతుందని తెలియదు. గట్టుమీద ఉన్న ప్రతి మనిషీ కనపడతారు. అన్న చూసింది ఇదన్నమాట. తాడు కొత్తదే గానీ దానికి పైనున్న ఇత్తడి పిడి పాతది. చేతులు పడి పడి నున్నబడింది.

కింద, పాత గట్టు దగ్గర, ఉల్సున్ నిలబడి ఉంది. తలకు గుడ్డ కట్టుకుంది. చేతిలో సుత్తి ఉంది. ఎక్కణ్ణుంచి తెచ్చిందో. ఓడవైపు వీపు పెట్టి నిలబడింది. చూస్తే వినడం ఏముంది అనుకుందేమో.

చిగోన్ తాడు లాగాడు.

కూత నిండుగా లేచింది. గదిలో అద్దాలు అదిరాయి. కొంగలు లేచాయి. చిగోన్ కళ్ళు ఆమె వీపుమీదే ఉన్నాయి. వీపు కదల్లేదు. వినపడదు. వినపడుతుందని తను మాటిచ్చాడు, వినపడదు.

అప్పుడు ఆమె వంగింది. సుత్తి కింద పెట్టింది.

పెట్టి, నెమ్మదిగా లేచి, ఇటు తిరిగింది. చిగోన్ తాడు వదిలి, ఒక్క ఊపిరి తీసి, మళ్ళీ లాగాడు.

ఆమె నడిచింది. కూత ఆమె వెనకాలే నడిచింది. ముల్లు ఏడు దాటి దిగుతోంది. ఆమె మోకాలు పట్టుకుని ఆగిన చోట చిగోన్ కూడా ఊపిరి ఆపాడు, చెయ్యి ఆపలేదు. నడువు వదినా. ఆరు. టగ్గు మనుషులు పని ఆపి చూస్తున్నారు. ఇసుక గొట్టాలు పట్టుకున్న కుర్రాళ్ళు ముసుగులు తీశారు. తలగుడ్డ జారింది. ఈసారి ఎవరూ ఏరలేదు, గాలి దాన్ని గట్టుమీద దొర్లించుకుపోయింది. ఐదున్నర. గుంజ ఇంకా నాలుగు అడుగులుంది. గొంతు ఇంకా నిండుగానే ఉంది. ఆమె చెయ్యి చాచి గుంజ పట్టుకుంది.

చిగోన్ తాడు వదిలాడు. ముల్లు ఐదు మీద, ఒక వెంట్రుక కింద.

ప్యో చేతి వెనకతో ముక్కు తుడుచుకున్నాడు. "అయిపోయింది. దిగు. టగ్గువాళ్ళు తిడుతున్నారు."

చిగోన్ దిగబోయాడు. కిందికి చూశాడు. ఆమె వెళ్ళడం లేదు. గుంజమీద చెయ్యి వేసి, తలెత్తి, చుక్కాని గది కేసే చూస్తోంది.

"ఏం చేస్తోంది?" అన్నాడు ప్యో. "అయిందని చెప్పు."

"చెప్పినా వినపడదు."

"చెయ్యి ఊపు."

చిగోన్ చెయ్యి ఊపాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అలాగే నిలబడింది. ఎండకు కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిగోన్ అలా నిలబడ్డ ఆడవాళ్ళను జీవితమంతా చూశాడు, పక్కనుంచి. ఎదురుగా నిలబడి ఎన్నడూ చూడలేదు.

"మూడోది కావాలంటోందిరా," అన్నాడు ప్యో. గొంతు ఇంకా సన్నబడింది.

"గాలి లేదు. పగులుతుంది. పగిలింది వద్దని తనే చెప్పింది."

"ఆ రెండిటికి చెప్పింది. దీనికి చెప్పిందా?"

చిగోన్ ముల్లు చూశాడు. ట్యాంకులో ఇంకా ఐదు ఉంది. ఉన్నా తనది కాని ఐదు. నున్నబడిన పిడిమీద చెయ్యి వేసి, ఒక్కసారి, పొట్టిగా లాగాడు.

మెడ పట్టుకున్న ముసలి కోడి కూసింది. గట్టుమీద కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. ఉల్సున్ ఒక్కతే ముందు నవ్వలేదు. తల పక్కకు వంచి, ఆ పగుళ్ళ గొంతు అడుగున మిగిలిన ఆ కొంచెం లావుని చెవిలోకి దించుకుంది. తరవాత గుంజమీద వాలిపోయి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, చేతి వేళ్ళు ముద్దలా కలిపి నోటి దగ్గరికి తీసుకెళ్ళి, దిగి రమ్మని సైగ చేసింది. అన్నం తిందువు, రా.

టగ్గు రెండోసారి అరిచింది. హేరిమ్ తాళ్ళు విప్పుతున్నారు.

"వస్తున్నా వదినా," అన్నాడు చిగోన్, గొంతు బాగా కిందికి దించి. అంత దూరం వినపడదని తెలుసు. తాడు ఇంకా వదల్లేదు.